ఒడ్డున విడిచిన పడవ



మన నారాయణఖేడ్ నుండి అమెరికా వెళ్ళి ఉద్యోగం చేసుకుంటున్న ఒక యువకుడు సెలవులకు వచ్చి నన్ను కలిశాడు. కొలరాడో నదిపై, గ్రాండ్ కాన్యన్ అనే ఎడారి లోయగుండా రబ్బరు పడవలో కొన్ని రోజులు ప్రయాణించాడట. పగలు సుడులు, రాత్రి ఇసుకతిన్నెలపై గుడారాలు. మన మంజీరలోనైతే ఎక్కడ పడవ దిగినా ఇంటిదారి పట్టవచ్చు. అక్కడ ఇరువైపులా ఆకాశాన్నంటే రాతిగోడలే. "మధ్యలో మానుకుందామంటే దారి ఉండదు ఫాదర్" అన్నాడు.

ఆ లోయను పడవల్లో దాటిన తొలి బృందానికి నాయకుడు జాన్ వెస్లీ పవెల్. యుద్ధంలో ఒక చేయి పోగొట్టుకున్నవాడు. 1869 మే 24న మొత్తం పదిమంది నాలుగు పడవల్లో బయలుదేరారు. ఒక పడవ బద్దలైంది, ఒకరు మధ్యలోనే వెళ్ళిపోయారు. మూడు నెలలు గడిచేసరికి తిండి దాదాపు అయిపోయింది. ఆగస్టు 28న ఒక భయంకరమైన ఉరవడి ముందు ముగ్గురు ఆగిపోయారు. ఎడారి దారే క్షేమమని కొండ ఎక్కారు. వారు పిరికివారు కారు. కంటికి కనిపించే ప్రమాదానికి జడిసి, కనిపించని ప్రమాదాన్ని ఎంచుకున్నారు. మనమూ అంతే కదా! మరునాడే మిగిలిన ఆరుగురు లోయ దాటి బయటపడ్డారు. ఆ ముగ్గురు ఇల్లు చేరలేదు.

నన్ను కదిలించినది మరొకటి. పవెల్ వారిని దూషించలేదు. చేతికి తుపాకులిచ్చి, కన్నీటితో సాగనంపారు. మనసు మారితే ఎక్కి వస్తారని ఒక పడవను ఒడ్డున విడిచారు. ఉరవడి దాటాక తుపాకులు పేల్చి, క్షేమంగా దాటామని తెలిపి, రెండు గంటలు ఎదురుచూశారు.

కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి వచ్చి, కోపంతో ఇల్లు విడిచిన కుమారుణ్ణి ఇక గడప తొక్కనివ్వనన్నాడు. పనుల తొందరలో "మీ ఇష్టం" అని ఊరుకున్నాను. ఆ మాట నేటికీ నన్ను బాధిస్తున్నది. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో తండ్రి, కొడుకు దూరాన ఉండగానే చూశాడంటే, అతని కన్ను ఆ దారిమీదే ఉన్నట్లు కదా! తిరుసభ కూడా పాపసంకీర్తనాన్ని మనకోసం అలాగే ఒడ్డున ఉంచింది.

ప్రియులారా, మీ ఇంటినుండి అలిగి వెళ్ళినవారు ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారం పూజకు వచ్చేముందు వారికి ఒక ఉత్తరం రాయండి, లేదా ఫోను చేయండి. తప్పు ఎవరిదో తర్వాత తేల్చుకోవచ్చు. ముందు పడవ ఉందని వారికి తెలియాలి.

ఎదురుచూసే తండ్రియైన దేవుడు మీ కుటుంబాలను దీవించును గాక. ఆమెన్.