వర్తకునకు ప్రమాదము



ప్రమాదమను మాట వినగానే మనకు బస్సు బోల్తాపడుటయో, గనిలో బండ పగిలి మీదపడుటయో జ్ఞప్తికి వచ్చును. బంగారు గనుల ప్రాంతములో పుట్టి పెరిగినవారికి రెండవది మరింత బాగుగా తెలియును. కాని మన ఆగమములలో ప్రమాదమనగా ఏమరుపాటు. చేతిలోని పనినుండి మనస్సు జారిపోవుట. భూమిలో మూడు కిలోమీటర్ల లోతున పనిచేసిన గని కార్మికునికి ఈ రెండు అర్థములు వేరుగా ఉండెడివి కావు. క్షణము ఏమరినచో ప్రాణముమీదికి వచ్చెడిది. మనమో, పరుపుమీద కూర్చుండి వర్తకము చేయువారము. ఏమరిన మరుక్షణమున మన నెత్తిమీద ఏమియు పడదు. అందువలననే మనకు భయము లేదు.

ఒక్క సమయమైనను ఏమరవద్దని మహావీరస్వామి గౌతమస్వామిని ఉత్తరాధ్యయన సూత్రము పదియవ అధ్యయనములో మరల మరల హెచ్చరించినారు. అక్కడ సమయమనగా గంటయో నిమిషమో కాదు. ఇక విభజింప వీలులేని అత్యల్ప కాలము. ఆ హెచ్చరిక విన్నవాడు గణధరులలో అగ్రగణ్యుడు. అట్టివానికే అన్నిసార్లు చెప్పవలసి వచ్చినచో, రాబర్ట్‌సన్‌పేట బజారులో కొట్టు తెరచుకొని కూర్చున్న మనకు ఎన్నిసార్లు చెప్పవలెనో మీరే లెక్క కట్టుడు. లెక్కలు మనకు క్రొత్త కాదు.

పెద్దలు ప్రమాదమును ఐదు విధములుగా చెప్పినారు. మదము, విషయములు, కషాయములు, నిద్ర, వికథ. మొదటి నాల్గింటిని గూర్చి ప్రతి చాతుర్మాసములోను వినుచునే ఉన్నాము. కొట్టును పాడుచేయునది ఐదవది. వికథ అనగా ప్రయోజనము లేని ప్రసంగము. అందులో మరల నాలుగు: స్త్రీకథ, భక్తకథ, దేశకథ, రాజకథ. భక్తకథ అనగా భక్తుల కథ అని భ్రమపడకుడు. భక్తమనగా అన్నము, ఎవరింటి పెండ్లిలో ఏమి వడ్డించినారు, లడ్డులో నెయ్యి తగ్గినదా అను ముచ్చట. రాజకథ అనగా ప్రభుత్వము ఏమి చేయునో, ఏ మంత్రి ఏమన్నాడో అను చర్చ. దేశకథ మాట వేరుగా చెప్పనక్కరలేదు. పూర్వము వికథకు ఒక మనిషి కావలెను. అతడు వచ్చి, బల్లపై కూర్చుండి, టీ త్రాగి, ఎప్పుడో లేచిపోయెడివాడు. ఇప్పుడు వికథ మన జేబులోనే ఉన్నది. బంగారము ధర నిమిషమునకొకసారి చూచువాడు, తాను వ్యాపారము చేయుచున్నాననియే అనుకొనుచున్నాడు. ఆ నిమిషములో అతడు అమ్మినది లేదు, కొనినది లేదు. ఎదుట నిలిచిన మనిషిని చూచినదియు లేదు.

2023 జూలైలో కోలారు మార్కెట్టు యార్డులో పదునైదు కిలోల టమాట పెట్టె రెండువేల రూపాయల దాకా పలికినది. జీవితములో ఒక్క పెట్టె అమ్మి ఎరుగని బట్టల వర్తకులు సయితము ఉదయమునుండి ఆ ధరయే చెప్పుకొనుచుండిరి. ఆ నెలలో వచ్చిన చీరల బేళ్ళు ఎప్పుడు విప్పినారో వారికే తెలియవలెను.

ఇచ్చట ఒకరు నన్ను అడుగవచ్చును. “లాభముమీద దృష్టి నిలుపుమని ధర్మసభలో చెప్పుదురా? అది లోభమును పెంచుట కాదా?” న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు అదే ఉత్తరాధ్యయనములో ఏడవ అధ్యయనములో ఉన్నది. ముగ్గురు వర్తకులు మూలధనము తీసుకొని బయలుదేరిరి. ఒకడు లాభముతో వచ్చినాడు. ఒకడు మూలధనమును మాత్రము తెచ్చినాడు. మూడవవాడు అదియు పోగొట్టుకొని వచ్చినాడు. ఈ మనుష్యజన్మయే మూలధనమని అచ్చట చెప్పబడినది. కావున మనము కాపాడవలసిన పెట్టుబడి గల్లాపెట్టెలోనిది మాత్రమే కాదు.

మరియు, ఎంతవరకు అన్నది ముందుగా నిర్ణయింపనివాని దృష్టి ఎన్నటికిని నిలువదు. ఇది నా అనుభవము. ఉపాసకదశాంగములోని ఆనందశ్రావకుని చూడుడు. పన్నెండు కోట్ల స్వర్ణముద్రలు గలవాడు. నాలుగు కోట్లు నిధిలో, నాలుగు కోట్లు వ్యాపారములో, నాలుగు కోట్లు గృహోపకరణములలో. అతడు స్వామి సన్నిధిని వ్రతము గైకొనినప్పుడు సర్వము విడిచి సన్న్యసింపలేదు. ఇంతకు మించి వలదని హద్దు గీసికొనినాడు. ధనమునకు హద్దు, భూమికి హద్దు, బండ్లకు హద్దు. హద్దు గీసినవానికి ప్రక్కవాని కొట్టు కనబడదు. అతని చూపు తన త్రాసుమీదనే ఉండును. పరిగ్రహపరిమాణ వ్రతమును మనవారు వృద్ధాప్యమునకు దాచిపెట్టుకొందురు. నిజమునకు అది ముప్పదియేండ్ల వర్తకునికే ఎక్కువ అవసరము.

మన గనుల కథ మీకు తెలిసినదే. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు వచ్చిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చినది. 1956లో గనులు ప్రభుత్వపరమైనవి. పోనుపోను లోతు పెరిగినది, ఖర్చు పెరిగినది, రాతిలో బంగారము తగ్గినది. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. ఆనాటినుండి గనులు మరల తెరచుదురను మాట అప్పుడప్పుడు లేచుచునే ఉన్నది. ఆ మాట నమ్ముకొని చేతిలోని వ్యాపారమును నిర్లక్ష్యము చేసినవారు ఉన్నారు. సుగటూరు, ముళబాగిలు, బంగారుపేట పల్లెల రైతులను నమ్ముకొని నిలద్రొక్కుకొన్నవారును ఉన్నారు.

ఇక నా సంగతి చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుగానే ఉన్నది.

2024 జూనులో, పదమూడు గనిమట్టి దిబ్బలనుండి మరల బంగారము తీయు ప్రతిపాదనకు కర్ణాటక మంత్రివర్గము సమ్మతించినదని వార్త వచ్చినది. ఆ దినము మా కొట్టునిండ అదే రాజకథ. నేనే పెద్దగొంతుకతో మాట్లాడుచుంటిని. ఆ సందడిలో సుగటూరునుండి ఒక రైతు ఇల్లాలు వచ్చి, తాకట్టు పెట్టిన కమ్మలకు వడ్డీ పండ్రెండువందలు నా చేతికిచ్చి వెళ్ళినది. రూకలు గల్లాపెట్టెలో వేసితిని. వ్రాయలేదు.

రెండు నెలలకు ఆమె కమ్మలు విడిపించుకొనుటకు వచ్చినది. ఆవర్జా చూచి మొత్తము చెప్పితిని.

“సేటూ, ఆ పొద్దు వడ్డీ కట్టిపోతిని కదా?” అన్నది.

“పుస్తకములో లేదమ్మా,” అంటిని.

“బుక్కులో లేదంటే నేనేం చెప్పేది!” అని, మారు మాట్లాడక, కొంగుముడి విప్పి ఆ పండ్రెండువందలు కూడ లెక్కపెట్టి ఇచ్చినది.

ఆ యేడు పర్యూషణములో ఒక సాయంకాలము సామాయికమునకు కూర్చుంటిని. నలుబది యెనిమిది నిమిషములు. ఆమె ముఖము కదలక ఎదుట నిలిచినది. లేచి జూను మాసపు చిట్టా తీయగా, ఆ దినపు అడుగున నా దస్తూరితోనే “నిల్వ ఎక్కువ 1,200” అని ఉన్నది. ఎందువలన ఎక్కువైనదని ఆనాడు నేను ఆలోచింపనేలేదు. ఎక్కువైనది గనుక! తక్కువైయున్నచో రాత్రియంతయు వెదకియుందును.

దొంగిలవలెనను తలంపు నాకు లేదు. కాని ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రములో హింసను నిర్వచించుచు మొట్టమొదట పెట్టిన మాట ప్రమాదమే. చౌర్యమునకును అదియే మూలమని వ్యాఖ్యాతలు చెప్పినారు. అదత్తాదానము నాకు తెలియకయే నా కొట్టులో జరిగిపోయినది.

మనియార్డరు పంపుదునా అని మొదట అనుకొంటిని. అప్పుడు ఆనందశ్రావకుని కథలోని చివరి ఘట్టము జ్ఞప్తికి వచ్చినది. ఆనందునికి అవధిజ్ఞానము కలిగినదని విని గౌతమస్వామి సంశయించినారు. పొరపాటు నీదే, పోయి క్షమాపణ కోరుమని మహావీరస్వామి ఆజ్ఞాపించినారు. ఆ మహాగణధరుడు ఒక గృహస్థుని వెదకుకొనుచు తిరిగి వెళ్ళినారు. నేనెవరిని?

మరునాడు కొట్టు తెరువక కోలారుకు పోయి, అక్కడనుండి సుగటూరు చేరితిని. ఒకనాడు హొసకోట కోట కట్టించిన నాయకుల ఊరు. ఇప్పుడు చుట్టును టమాట తోటలు. ఆమె తోటలో మొక్కలకు కొయ్యలు పాతి దారము కట్టుచున్నది. రూకలు చేతికిచ్చి, చేతులు జోడించి, మిచ్ఛామి దుక్కడమంటిని. ఆమెకు ఆ మాట అర్థము కాలేదు. తప్పు నాదమ్మా, ఆ దినము నీవు కట్టినది నిజమే, క్షమింపుమని తెలుగున చెప్పితిని.

ఆమె రూకలు రెండుసార్లు లెక్కపెట్టుకొని, “ఆ పొద్దు మీరు మాట్లాడతా ఉంటిరి సేటూ, నేను చూస్తానే ఉంటిని,” అన్నది. తరువాత నా చంకలోని చిట్టావైపు చూపి, “ఇప్పుడిచ్చింది రాసుకోండి. నా ముందరే రాయండి,” అన్నది.

గట్టుమీద కూర్చుండి వ్రాసితిని.