బొంత మధ్య పొరలో ఏం పెడతాం?

నచికేతుడి కథ మనందరికీ తెలిసిందే. యముడి ఇంటి ముందు మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూసిన పిల్లవాడు, మూడు వరాలు, చావు తర్వాత ఏముందన్న ప్రశ్న. సాధారణంగా మనం అక్కడికే వెళ్ళిపోతాం. కానీ ఆ కథ మొదలైంది చావు దగ్గర కాదు, ఒక దానం దగ్గర. ఈ రోజు ఆ మొదటి ఘట్టం గురించే మాట్లాడుకుందాం. ప్రశ్న చిన్నదే: మనం వాడి వదిలేసింది ఇంకొకరికి ఇస్తే అది దానమా, లేక మన బీరువా ఖాళీ చేసుకోవడమా?

దీనికి నేను బొంతను ఉదాహరణగా తీసుకుంటాను. సిటీలో పెరిగిన వాళ్ళు కొందరు బొంతను చూసి కూడా ఉండరు కాబట్టి ముందు అదేంటో చెప్తాను. పాత నూలు చీరలు, పంచెలు ఉతికి, ఆరబెట్టి, ఒకదాని మీద ఒకటి పరిచి, దబ్బనంతో లావు దారం ఎక్కించి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా వరస కుట్లు వేస్తారు. కింద ఒక గట్టి గుడ్డ, పైన చూడ్డానికి బాగుండే చీర, మధ్యలో చిన్నా పెద్దా ముక్కలు. పై చీర సరిపోకపోతే రంగురంగుల చదరాలు అతికి పై పొర తయారుచేస్తారు. చలికాలం కప్పుకోవడానికి, వేసవిలో పరుచుకోవడానికి, పసిబిడ్డను పడుకోబెట్టడానికి అదే. బెంగాల్లో కాంథా, మహారాష్ట్రలో గోధడీ అనేవి కూడా ఈ పనే.

అమెరికాలో ఇదే పనికి క్విల్టింగ్ గిల్డ్‌లని సంఘాలు ఉంటాయి. వాళ్ళు అప్పుడప్పుడు సభ్యులకు ఒక ఛాలెంజ్ పెడతారు. కొలత అందరికీ ఒకటే, వాడాల్సిన గుడ్డకో రంగుకో ఒక షరతు ఉంటుంది, ఎవరి చదరం వాళ్ళు ఇంట్లో కుట్టుకుని తేవాలి. చాలాసార్లు ఆ చదరాలన్నీ కలిపి ఒక దుప్పటి చేసి ఏ ఆసుపత్రికో ఇచ్చేస్తారు. మన అపార్ట్‌మెంట్లలో కూడా ఇలాంటిది చేయొచ్చు కదా అనిపిస్తుంది. చేయొచ్చు. అయితే అందులో ఒక ధర్మసూక్ష్మం ఉంది.

నల్లజర్లలో ఒక వీధి ఆడవాళ్ళు పన్నెండుమంది ఇలాంటి పోటీ పెట్టుకున్నారని ఊహించుకుందాం. నల్లజర్ల మెట్ట ఊరు, ద్వారకా తిరుమల దగ్గర్లోనే. అక్కడ్నుంచి దక్షిణంగా దిగితే నేల పల్లమైపోతూ కొల్లేరు వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గుర్తుందా? బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. ఆ రోజుల్లో కొల్లేరు లంక గ్రామాలు కూడా నీళ్ళలో ఉన్నాయి. అలాంటి ఒక లంకలో పుట్టిన బిడ్డకి ఈ బొంత వెళ్తుందనుకోండి. ఒక్కొక్కరిది అడుగు చదరం. 12 చదరాలు కలిపితే 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు. పసిబిడ్డకి సరిగ్గా సరిపోతుంది. షరతు ఒక్కటే: చదరంలో గుడ్డ మీ ఇంటిదై ఉండాలి. మధ్య పొరకి కూడా తలా ఒక పాత గుడ్డ తేవాలి.

ఇప్పుడు చూడండి. ఒకావిడ పెళ్ళినాటి పట్టుచీర అంచు కత్తిరించి అద్భుతమైన చదరం కుట్టింది. ఫోటోలన్నీ దానికే. బహుమతి కూడా దానికే. కానీ మధ్య పొరకి ఆవిడ తెచ్చింది ఏళ్ళ తరబడి మూటలో మగ్గి, నిమ్మెక్కి, మడతల దగ్గర పిగిలిపోతున్న చీర. ఇంకొకావిడ చదరం మామూలుగా ఉంది, కుట్టు కొంచెం వంకర కూడా. మధ్య పొరకి మాత్రం భర్త పాత నూలు లుంగీ రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి, చిరుగు ఉన్న వారంతా కోసేసి తెచ్చింది. ఇద్దరూ ఇచ్చింది పాత గుడ్డే. ఇద్దరిలో ఎవరు ఇచ్చారు?

కఠోపనిషత్తులో జరిగింది ఇదే. వాజశ్రవసుడు ఉన్నదంతా ఇచ్చేయాల్సిన యాగం చేస్తున్నాడు. దక్షిణగా ఆవుల్ని తోలుకెళ్తున్నారు. ఆ ఆవులు తాగాల్సిన నీళ్ళు తాగేశాయి, మేయాల్సిన గడ్డి మేసేశాయి, ఇవ్వాల్సిన పాలు ఇచ్చేశాయి. ఇక ఈనేది లేదు. అది చూసిన పిల్లవాడిలో శ్రద్ధ ప్రవేశించిందని ఉపనిషత్తు చెప్తుంది. ఇలాంటివి ఇచ్చినవాడికి ఆనందం లేని లోకాలే వస్తాయని అనుకున్నాడు. అయినా తండ్రిని తప్పుపట్టలేదు. "నన్నెవరికి ఇస్తావు నాన్నా?" అని మాత్రం మూడుసార్లు అడిగాడు. తండ్రి లెక్కలో లోటుంది, ఆ లోటు తనతో పూడుతుందేమోనని తనని తానే ముందు పెట్టుకున్నాడు.

ఊరికే వచ్చిన గొడ్డుకి పళ్ళు పట్టి చూసినట్టు అని మనవాళ్ళు ఎగతాళి చేస్తారు. పుచ్చుకునేవాడు పళ్ళు చూడటం మర్యాద కాదు, నిజమే. నచికేతుడు చేసిన గొప్ప పని ఏంటంటే ఆ పళ్ళని ఇచ్చేవైపు నుంచి చూడటం. పుచ్చుకునేవాడు నోరు విప్పి అడగలేడు కాబట్టే ఇచ్చేవాడు చూసి తీరాలి.

అయితే పాతది ఇవ్వడమే తప్పా? అలా అనుకుంటే బొంత అనే వస్తువే ఉండదు. గంజి పెట్టిన కొత్త గుడ్డ పసి ఒంటికి గరుకు. వంద ఉతుకులు చూసిన అమ్మమ్మ నూలు చీరే మెత్తన. మన ఇళ్ళలో పొత్తిగుడ్డలకి వెతికేది పాత చీరలనే. శాస్త్రోక్తంగా వస్త్రదానం చేసేటప్పుడు కొత్త బట్టలే పెడతాం, అది వేరే సందర్భం. అక్కడ ఇస్తున్నది గౌరవం. బొంతలో ఇస్తున్నది వెచ్చదనం, కుట్టిన గంటలు. కాబట్టి వాజశ్రవసుడి లోపం ఆవులు ముసలివవడం కాదు. అవి పుచ్చుకునేవాడికి ఎందుకూ పనికిరావు, పైగా వాటిని చూపించి సర్వం ఇచ్చేశానన్న ఫలం కోరుకున్నాడు.

మనలో కొందరు సరదాగా అంటుంటారు, పాతబట్టలు వదిలేయమని కృష్ణుడే గీతలో చెప్పాడుగా అని. రెండో అధ్యాయంలో ఆ పోలిక ఉన్నది దేహం గురించి, ఆత్మ గురించి. వదిలేసిన బట్ట ఎవరి ఒంటి మీద పడాలో అక్కడ చెప్పలేదు. అది చెప్పింది పదిహేడో అధ్యాయంలో: మర్యాద లేకుండా, చులకనగా ఇచ్చేది తామస దానం అన్నాడు.

"ఏమీ లేనివాళ్ళకి ఏదో ఒకటి మేలే కదా?" అనే వాళ్ళూ ఉంటారు. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఏమైందో చూడండి. దేశం నలుమూలల నుంచి వచ్చిన పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండిపోయాయి. అన్నీ పోగొట్టుకున్న మనిషి కూడా చిరిగింది, మాసింది ముట్టుకోలేదు. 'గూంజ్' సంస్థ ఆ గుట్టల్ని ఏరి, వేరుచేసి, పనికొచ్చేలా చేసింది. 1999లో ఆ సంస్థని మొదలుపెట్టిన అంశు గుప్తాకి 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళు పాత నూలు గుడ్డల్ని శుభ్రం చేసి ఆడవాళ్ళకి నెలసరి ప్యాడ్లుగా మారుస్తారు. పల్లెల్లో ఊరివాళ్ళు చెరువో దారో బాగుచేసుకుంటే ఆ శ్రమకి బదులుగా బట్టలు ఇస్తారు, భిక్షగా కాదు. గుడ్డ అదే పాతది. ఇచ్చే పద్ధతి మారేసరికి తీసుకునేవాడి తల దించుకోవాల్సిన అవసరం పోయింది.

మళ్ళీ మధ్య పొర దగ్గరికి వద్దాం. పై పొరని జడ్జీలు చూస్తారు, పక్కింటివాళ్ళు చూస్తారు. మధ్యలోది కుట్టేశాక ఇక ఎవరూ చూడరు. నిమ్మెక్కిన గుడ్డ లోపల పెట్టినా బొంత ఇచ్చే రోజున అందంగానే ఉంటుంది. రెండు ఉతుకుల తర్వాత లోపలి గుడ్డ పిగిలి, ఉండలు కట్టి, ఒక మూలకి చేరుతుంది. ఆ కోడలు అడిగిందనుకోండి: "లోపలికే కదా అత్తయ్యగారూ, ఎవరు చూస్తారు?" ఆ అత్తగారు దబ్బనంలో దారం ఎక్కిస్తూనే అంటుంది: "బిడ్డ వీపుకి తెలుస్తుందమ్మా."

ఏలూరు తివాచీ కొనేటప్పుడు తెలిసినవాళ్ళు ముందు దాన్ని తిరగేస్తారు. పైన పూలు ఎలా ఉన్నా, ముడుల సంగతి వెనక తెలుస్తుంది. బొంతని అలా తిరగేసినా మధ్య పొర కనపడదు. విప్పదీస్తే తప్ప తెలీదు. అందుకే అక్కడ పెట్టేదానికి సాక్షి మనమొక్కరమే.

తైత్తిరీయోపనిషత్తు గురుకులం నుంచి వెళ్ళే శిష్యుడికి దానం గురించి చెప్తూ శ్రద్ధతో ఇవ్వమంటుంది. ఇంకా సిగ్గుతో ఇవ్వమంటుంది, భయంతో ఇవ్వమంటుంది. ఇస్తున్నది మనమైతే సిగ్గెందుకు? నాకర్థమైనంతవరకు, ఇది చాలుతుందో లేదో అన్న సంకోచం ఆ సిగ్గు. ఇది అవతలివాడిని నొప్పిస్తుందేమో అన్న జాగ్రత్త ఆ భయం. ఆ లుంగీని వెలుతురుకి పట్టి, పోగు పల్చబడిన చోటల్లా కత్తెర వేసిన ఆవిడలో ఉన్నది అదే. ఆవిడ ఉపనిషత్తు చదివి ఉండకపోవచ్చు.

ఒక మాట మాత్రం నిజాయితీగా ఒప్పుకుందాం. అక్కర్లేని బట్టలు సర్దేసి ఎవరికో పంపడం తప్పు కాదు, మంచి పనే. దానికి సర్దుబాటు అని పేరు పెడితే చాలు. దానం అనే పేరు కావాలంటే అందులో మనది కొంత పోవాలి. గుడ్డ పోకపోతే పోయింది, కనీసం ఒక సాయంత్రం పోవాలి.

కాబట్టి ఈసారి పాతబట్టలు తీసినప్పుడు ఇలా చేయండి. ప్రతి గుడ్డా ఉతికి ఆరేయండి. రెండు చేతులా పట్టుకుని బొటనవేళ్ళతో లాగండి. చర్రుమంటే అది నేల తుడవడానికి మన ఇంట్లోనే ఉంటుంది. ఆగితే ఇంకొక్క ప్రశ్న అడగండి: దీని మీద మా ఇంటి బిడ్డని పడుకోబెడతానా? అవునంటే మడత పెట్టి ఇవ్వండి. కాదంటే అది వాజశ్రవసుడి ఆవు. దాన్ని ఇంకొకరి ఇంటికి తోలకండి.

శుభం.