ఎదురుకాళ్ళ బిడ్డ – ఎవరి దోషము?

ఖరగ్‌పూరు రైలుమార్గముతో పుట్టిన పట్టణము. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరములలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అచ్చట జంక్షనును, కార్ఖానాను నెలకొల్పినది మొదలుకొని ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువారు పనికై వలసపోయి స్థిరపడిరి. భాషతోపాటు పురిటి ఆచారములును, పురిటి భయములును వారివెంట వెళ్లినవి. నెలలు నిండుచున్న చూలాలినిగూర్చి డాక్టరు, "బిడ్డ తల ఇంకను క్రిందికి తిరుగలేదు" అని చెప్పినయెడల, అచ్చటనైనను, ఆంధ్రదేశముననైనను, కొన్ని క్రైస్తవ గృహములలో సహితము మొదట లేచునది ప్రార్థన కాదు, విచారణ. "గ్రహణమునాడు బయటికి వచ్చితివా? ప్రార్థన మానితివా?" అని అందరి చూపులును ఆమెమీదనే నిలుచును. బిడ్డ గర్భములో ఉన్న తీరు తల్లిమీద దేవుడు వ్రాసిన తీర్పా?

మొదట సంగతి యేమో తెలిసికొనవలెను. 28వ వారమున నలుగురైదుగురు బిడ్డలలో ఒకరు తల పైకి పెట్టుకొనియే యుందురు. గర్భాశయపు పైభాగము విశాలము. బిడ్డ పెరిగినకొలది పిరుదులును, ముడుచుకొన్న కాళ్ళును ఆ చోటునకు చేరగా తల క్రిందికి వచ్చును. నెలలు నిండునప్పటికి నూటికి 3, 4 గురు మాత్రమే తిరుగక మిగులుదురు. కవలలుండుట, ఉమ్మనీరు మిక్కిలి ఎక్కువగుట లేక తక్కువగుట, మాయ క్రిందుగా అంటుకొనుట, గర్భాశయపు ఆకారము – ఇవి తెలిసిన కారణములు. పెక్కుమారులు ఏ కారణమును కనబడదు. గ్రహణము గాని, తల్లి పాపము గాని ఈ పట్టికలో లేవు.

పరిశుద్ధ గ్రంథము ఇట్టి కాన్పునొకదానిని దాచక చెప్పుచున్నది. తామారును కాల్చివేయవలెనని యూదా ముందే తీర్పు చెప్పియుండెను. ఆమె ప్రసవవేళ కవలలలో ఒకడు చేయి బయటికి చాపెను. మంత్రసాని దానికి ఎఱ్ఱనూలు కట్టెను. అతడు చేయి వెనుకకు తీసికొనగా రెండవవాడు ముందుగా పుట్టెను. అతనికి పెరెసు అని పేరు పెట్టిరి. హెబ్రీ భాషలో ఆ మాటకు గండి అని అర్థము. మనుష్యుల లెక్కలో అది తారుమారైన కాన్పు. అయినను ఆ గండిగుండనే క్రీస్తు వంశావళి సాగివచ్చెను. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో పెరెసు పేరును, తల్లియైన తామారు పేరును ప్రక్కప్రక్కనే యున్నవి.

పుట్టుగ్రుడ్డివానినిగూర్చి శిష్యులు అడిగినదియు ఈ ప్రశ్నయే. ప్రభువు దోషిని వెదకుటకు నిరాకరించి, దేవుని క్రియ జరుగవలసిన తావును చూపెను. వెంటనే తన చేతులతో పనికి పూనుకొనెను. కావున బిడ్డ తిరుగకుండుట తీర్పు కాదు, సహాయమునకు పిలుపు.

ఈ పిలుపును మరియొక విధముగా త్రోసివేయువారు గలరు. "దేవుడే తిప్పును, ఆసుపత్రి యెందుకు?" అందురు. అది విశ్వాసమువలె కనబడును గాని, ప్రాణాపాయము తల్లిబిడ్డలది, మాట మాత్రము ఇతరులది. షిఫ్రా, పూయా అను మంత్రసానుల దైవభక్తి పసివారిని బ్రదుకనిచ్చుటలో వెల్లడియాయెను. నేడు 37వ వారము మొదలుకొని డాక్టర్లు కొందరు తల్లుల కడుపుమీద చేతులుంచి బిడ్డను మెల్లగా త్రిప్పుదురు; ఇంచుమించు సగముమందిలో అది ఫలించును. ఫలింపనిచో ఆపరేషను గలదు. తగిన నిపుణులున్నచోట కొందరికి సహజ కాన్పును సాధ్యమే.

ప్రార్థించినను బిడ్డ తిరుగనప్పుడు ప్రార్థన వ్యర్థమాయెనా? బిడ్డ తిరుగుటయొక్కటే దేవుని జవాబని ఎవరు నిర్ణయించిరి? ఆపరేషను బల్లమీద డాక్టరు చేతికి వచ్చిన బిడ్డయు ప్రభువు చేతినుండి వచ్చిన బిడ్డయే. సంఘములోని పెద్దమ్మలు ఆ తల్లిని విచారించుట మాని, ఆమెతో మోకరించి, ఆమెవెంట ఆసుపత్రికి నడచినయెడల, ఆ ప్రార్థనకు జవాబులో వారికిని పాలు కలుగును.