ఫారంలో లేని గడి

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. కార్తీకంలో నువ్వొక్కదానివే కాశీ వెళ్తానంటున్నావట. ఎందుకే అంటే 'ఊరికే, వెళ్ళాలనిపించింది' అన్నావట. పాతికేళ్ళ పిల్లకి కాశీ ఏమిటి, స్నేహితులతో గోవానో ఊటీయో వెళ్ళొచ్చుగా, కాశీ అయితే పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి వెళ్తారు కదా అని దాని బాధ. నీకేదో కష్టం వచ్చింది, ఇంట్లో చెప్పడం లేదు అన్న అనుమానం కూడా ఉంది. నీ తరఫున నేనేమీ మాట్లాడలేదు. నీకు ఉత్తరం రాస్తానులే అన్నాను. ఫోన్లో అయితే నువ్వు 'సరే తాతయ్యా' అని పెట్టేస్తావు. కాగితమైతే దాచుకుని రెండోసారి చదువుకుంటావని ఆశ.

ఉద్యోగమంతా విజయవాడ స్టేషన్లో బుకింగ్ కౌంటర్ వెనకాల గడిపినవాణ్ణి. జనం ఎందుకు ఊళ్ళు తిరుగుతారో ఆ కిటికీలోంచి నాకు కొంత తెలిసింది.

రిజర్వేషన్ ఫారం నువ్వు చూసి ఉండవు. మీకంతా ఫోన్లోనే అయిపోతుంది. అందులో రైలు నంబరు, తేదీ, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, పేరు, వయసు, ఆడా మగా, కింది బెర్తా పై బెర్తా అన్నీ రాయాలి. మీరు డాక్టరైతే టిక్కు పెట్టండి అని ఒక గడి కూడా ఉంటుంది, దారిలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పిలవటానికి. ఎందుకు వెళ్తున్నారన్న గడి మాత్రం లేదు. ఆ ఫారం తయారుచేసిందెవరో గానీ మంచి పని చేశారు. డబ్బు కట్టినవాడికి చోటివ్వాలి, అంతవరకే. కారణం మనిషి సొంతం.

అయినా మాకు తెలిసిపోతూనే ఉండేది. కాట్పాడికి టికెట్ అంటే వేలూరు ఆసుపత్రికి. నాగర్‌సోల్ అంటే షిర్డీ. చలికాలంలో చెంగన్నూరు అడిగేవాళ్ళ మెడలో అయ్యప్ప మాల ఉండేది. గయకి అడిగారంటే ఆ ఇంట్లో ఎవరో పోయారు, పిండం పెట్టడానికి వెళ్తున్నారు. ఊరి పేరు చెప్పగానే వాళ్ళింటి సంగతి సగం తెలిసేది.

మిగతా సగం తెలిసేది కాదు. అదే నీకు చెప్పాలని ఈ ఉత్తరం. ఒకాయన నాకు బాగా గుర్తు. వ్యవసాయదారుడు, అరచేతులు చూస్తేనే తెలుస్తుంది. కాట్పాడికి తనకీ, భార్యకీ రెండు టికెట్లు అడిగాడు. కేన్సర్ రోగులకి రైల్వే ఇచ్చే రాయితీ కోసం ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన కాగితం చొక్కా జేబులోంచి తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది, చెమటకి మడతల దగ్గర చిరగబోతోంది. దాన్ని కౌంటర్ మీద పరిచి, రెండు చేతులతో సాపు చేసి నావైపు జరిపాడు. 'కింది బెర్తు ఇప్పించండి బాబూ, కిటికీ పక్కన' అన్నాడు. ఆవిడ పడుకోవడానికి వీలుగా ఉంటుందనా అన్నాను. 'అదీ ఉందనుకోండి. మా ఆవిడ ఇంతవరకూ రైలెక్కలేదు. తెల్లారాక ఊళ్ళు చూసుకుంటుంది' అన్నాడు.

నేను ఆ కాగితం చూసి ఆసుపత్రి ప్రయాణం అనుకున్నాను. అది నిజమే. కానీ ఆయన దాని లోపల భార్య కోసం ఇంకో ప్రయాణం పెట్టుకున్నాడు. అప్పటినుంచీ ఎవరి ప్రయాణానికీ ఒక్కటే కారణం ఉంటుందని నేననుకోలేదు. పైకి చెప్పేది ఒకటి ఉంటుంది, దాని చాటున ఇంకోటి ఉంటుంది. రెండోది చాలాసార్లు వెళ్ళేవాళ్ళకి కూడా మాటల్లో దొరకదు. నువ్వు 'ఊరికే' అన్నప్పుడు నాకు భయం వేయకపోవడానికి కారణం అదే.

మీ అమ్మమ్మ కాలంలో ఆడవాళ్ళకి ఆ చాటు తప్పనిసరి. ఇంట్లోంచి కదలాలంటే కాన్పుకి పుట్టిల్లు కావాలి, లేదా పెళ్ళో చావో రావాలి, లేదా దేవుడు పిలవాలి. ఊరు చూడాలనిపించి వెళ్తున్నాను అనే హక్కు ఎవరికుంది? అందుకే పుష్కరాలంటే ఆ తరం ఆడవాళ్ళకి అంత ప్రాణం. బృహస్పతి సింహరాశిలో అడుగుపెడితే గోదావరికి పుష్కరం, పన్నెండేళ్ళకోసారి. ఆ పేరు చెబితే మొగుడూ కాదనలేడు, అత్తగారూ కాదనలేదు. 1991లో మీ అమ్మమ్మ వాళ్ళ అక్కచెల్లెళ్ళతో రాజమండ్రి వెళ్ళింది. స్నానం చేసింది, పెద్దల పేరు చెప్పి మూడు దోసిళ్ళు నీళ్ళు వదిలింది, పసుపు కుంకుమలు ఇచ్చింది. ఇంటికొచ్చాక మాత్రం ఆమె పదే పదే చెప్పుకున్నది వేరే. కోటిలింగాల రేవు మెట్లమీద అక్కచెల్లెళ్ళంతా కూర్చుని, విస్తరాకుల్లో పులిహోర తిని, చీకటి పడేదాకా నీళ్ళవైపు చూస్తూ ఉండిపోయారట. 'ఇంత కాఫీ ఇస్తావా అని ఒక్కరూ అడగలేదండీ' అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ళముందుంది. పుణ్యం కోసం వెళ్ళింది, అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఆ పుణ్యం నీడన కాసేపు ఎవరికీ ఏమీ కాకుండా కూర్చోగలిగింది. నీకిప్పుడు ఆ నీడ అక్కర్లేదు. నీ జీతం నీది, నీ సెలవు నీది. అందుకు నాకు నిజంగా సంతోషం. అయితే ఆ చాటు లేకపోవడం వల్ల నీమీద ఒక బాధ్యత కూడా పడింది. ఎందుకు వెళ్తున్నావో ప్రపంచానికి చెప్పక్కర్లేదు గానీ నీకు నువ్వు అబద్ధం చెప్పుకోకూడదు.

మనసు విరిగి వెళ్తున్నావా? వెళ్ళు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి కదిలే రైలు మంచిది, కౌంటర్ దగ్గర అలాంటివాళ్ళని చాలామందిని చూశాను. కానీ అది భక్తి అని నీకు నువ్వు చెప్పుకోకు, నీకు నమ్మకమైన ఒక్క మనిషికైనా అసలు సంగతి చెప్పి వెళ్ళు. ఆ మనిషి నేనే కానక్కర్లేదు. నలుగురికీ ఫొటోలు పెట్టాలని వెళ్తున్నావా? అదీ తప్పు కాదు, మా కాలంలో కాశీనుంచి తెచ్చిన గంగచెంబుని వీధంతా చూపించుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ అదొక్కటే అయితే సంగతి నీకు తెలిసి ఉండాలి. ఎందుకంటే అలా వెళ్ళిన మనిషి ధ్యాసంతా ఇంటి దగ్గరున్న నలుగురి మీదే ఉంటుంది, ఎదురుగా ఉన్న ఊరిమీద ఉండదు. నిజంగానే ఏమీ తెలియక, ఏదో లాగుతుంటే వెళ్తున్నావా? అన్నిట్లోకీ నాకు నచ్చేది అదే. కారణం నీ వెనకాలే వచ్చి నిన్ను కలుసుకుంటుంది.

నీకొక పుస్తకం పంపుతున్నాను. ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీం కోర్టులో ప్రధాన దుబాసీ, అంటే ఒక భాషలో మాటని ఇంకో భాషలో చెప్పేవాడు. అంత ఉద్యోగంలో ఉండి, సెలవు పుచ్చుకుని, 1830 మే 18న మద్రాసులో బయల్దేరాడు. వెంట వందమందికి పైగా పరివారం, పల్లకీలు, డేరాలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ, విశాఖ చూసుకుంటూ 1831 సెప్టెంబరు 3న ఇంటికొచ్చాడు. రైళ్ళు లేవు. దొంగల భయం, వరదల భయం, జ్వరాల భయం. పైగా ప్రయాగలో, గయలో, పూరీలో ఈస్టిండియా కంపెనీవాళ్ళు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేసేవాళ్ళు, అది 1840 దాకా పోలేదు. ఇన్నిటికీ ఓర్చి వెళ్ళిన మనిషి కారణమేమిటంటే పుణ్యక్షేత్రాలు సేవించుకోవడం. పైకి అంతే.

పుస్తకం తెరిచి చూడు. ఏ మజిలీలో నీళ్ళు బాగుంటాయి, ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటు దొరుకుతుంది, ఏ దారి రాళ్ళమయం, ఏ నది ఎలా దాటాలి, అక్కడి జనం ఏం తింటారు, ఎలా బతుకుతారు. ఇవన్నీ రోజువారీ రాసుకుంటూ వెళ్ళాడు. రాసింది తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి పంపేవాడు. వీరాస్వామయ్య 1836లో పోయాడు, ఆ స్నేహితుడే 1838లో దాన్ని అచ్చు వేయించాడు. దేవుడి దర్శనానికి వెళ్ళేవాడికి ఫలానా ఊళ్ళో బావి ఉందా లేదా అని రాసుకోవాల్సిన పని లేదు. తను ఆ బావి నీళ్ళు మళ్ళీ తాగబోయేది లేదు. తన తరవాత ఆ దారిన వచ్చే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి దాహం వేస్తుందని రాశాడు. నేనలాగే అర్థం చేసుకున్నాను.

అమ్మలూ, నీ దగ్గర నేను కోరేది ఇదే. వెళ్ళే కారణం ఎంత సొంతమైనా ఉండనీ, చూపు మాత్రం నీ ఒక్కదానికోసమే పెట్టుకోకు. పక్క బెర్తులో ఉన్నవాళ్ళు ఎందుకు వెళ్తున్నారో నీకు తెలియదు. అడగొద్దు. వాళ్ళకై వాళ్ళు చెబితే విను, మధ్యలో నీ కథ ఎత్తకు. పెద్దావిడ ఎవరైనా కింది బెర్తు అడిగితే ముఖం చిట్లించకుండా ఇచ్చెయ్యి.

కాశీలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడికి వచ్చేవాళ్ళందరి కారణాలూ ఒకే మెట్లమీద కూర్చుని ఉంటాయి. కేదార్ ఘాట్, మానససరోవర్ ఘాట్ వైపు వెళ్తే నీకు తెలుగు వినపడుతుంది. ఆంధ్రాశ్రమం అక్కడే. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మొక్కుకుని వచ్చినవాళ్ళు ఉంటారు. కాశీలోనే పోవాలని వచ్చి ఏళ్ళ తరబడి ఉండిపోయిన ముసలివాళ్ళు ఉంటారు, గోంగూర పచ్చడి గురించి మాట్లాడటానికి మనిషి దొరికితే చాలు వాళ్ళకి. కాసేపు కూర్చో. ఇష్టమైన కాయో పండో వదిలిపెట్టమంటారు, అది నీ ఇష్టం. మణికర్ణిక దగ్గర మాత్రం ఫోన్ సంచిలోంచి తీయకు. అక్కడ కాలుతున్నది ఎవరి తల్లో, ఎవరి కొడుకో. చుట్టూ నిలబడ్డవాళ్ళు నీకు కనిపించడానికి రాలేదు. పడవలో వెళ్తుంటే పడవవాడు ఆపి చూపిస్తానంటాడు, వద్దని చెప్పు. ఇది నేను సలహాగా చెప్పడం లేదు, గట్టిగానే చెబుతున్నాను.

కాళ్ళతో దేశాలు నడిచిన ఆచార్య మాచవరపు ఆదినారాయణగారి 'భ్రమణకాంక్ష' కూడా పార్శిల్లో పెడుతున్నాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చిత్రకళ చెప్పినాయన. అది నువ్వు తిరిగి వచ్చాక చదువుదువుగాని.

ఇక మీ అమ్మ సంగతి. అది ఎందుకు అని అడుగుతున్నది కారణం కోసమని నువ్వు అనుకుంటున్నావు, అందుకే జవాబు దొరక్క విసుక్కుంటున్నావు. దానికి కారణం వద్దే. నువ్వు క్షేమంగా ఉంటావని తెలియాలి. రైలు నంబరు, బోగీ, బెర్తు, దిగే చోటు పేరు, అక్కడి ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి దానికివ్వు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేస్తానని మాటిచ్చి నిలబెట్టుకో. రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా సందుల్లో తిరగకు. మీ నాన్న పైకి ఏమీ అనడు గానీ ఆయనకీ ఓ మాట చెప్పు.

సికింద్రాబాదునుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాగపూరు, జబల్‌పూరు మీదుగా వెళ్తుంది, వీరాస్వామయ్య వెళ్ళిన దిక్కే. మొఘల్‌సరాయిలో దిగాలి. ఇప్పుడు బోర్డుమీద దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంటుంది, తికమక పడకు. అక్కణ్ణుంచి ఆటోలో గంగ దాటాలి. కార్తీక పౌర్ణమికి దేవ్ దీపావళి, ఘాట్లన్నీ దీపాలే. ఆ నాలుగు రోజులూ గదులు దొరకవు. దీపాలు చూడాలని ఉంటే గది ముందే చూసుకో, ప్రశాంతంగా ఉండాలంటే పౌర్ణమి వెళ్ళాక బయల్దేరు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పొద్దున ఎనిమిదింటికి. అలారం పెట్టుకో. కింది బెర్తు నీకు రాకపోతే బాధపడకు, వయసులో ఉన్నావు, పైకెక్కి పడుకో.

డబ్బు ఏమైనా కావాలంటే మొహమాటపడకుండా నాకు చెప్పు.

ఇట్లు,
మీ తాతయ్య