శిక్షయా, శిక్షణయా?

ఇరువది సంవత్సరముల క్రిందట నా తరగతిలో ఒక బాలుడుండెను. పేరు పెట్టి పిలిచిన పలుకడు. ఎదుటివారి ముఖము వంక చూడడు. ప్రశ్న వేసినచో ఆ ప్రశ్ననే తిరిగి నాకు అప్పగించును. "నీ ఊరేదిరా?" అనిన "నీ ఊరేదిరా" అనును. తరగతి యంతయు నవ్వెడిది. నేను దానిని పొగరనుకొంటిని. ఒకనాడు బెత్తము తీసికొంటిని. ఆ బాలుడు ఏడువలేదు. రెండు చెవులను చేతులతో మూసికొని గోడవైపు తిరిగి నిలుచుండెను. ఆ సంవత్సరము ముగియకముందే బడి మానెను. వాని తండ్రి నన్ను ఒక్క మాటయు అనలేదు.

ఆటిజం అను మాట నాకు అప్పటికి తెలియదు. పండిత శిక్షణలో ఛందస్సు, వ్యాకరణము, బోధనపద్ధతులు చదివితిని గాని, మాట రాని పిల్లవాడు చెప్పునది ఎట్లు వినవలెనో ఎవరును నాకు నేర్పలేదు. ఈ వ్యాసము వ్రాయుటకు నాకుగల అర్హత విద్వత్తు కాదు, ఆ తప్పిదము.

మూడేండ్ల క్రిందట నా మేనకోడలు తన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. బిడ్డకు రెండు సంవత్సరముల తొమ్మిది నెలలు. మాటలు లేవు. బొమ్మ మోటారు చక్రమును గంటలకొలది త్రిప్పుచు కూర్చుండును. తల్లి పిలిచిన తల యెత్తడు. వంటింట బిస్కట్ల పొట్లము చప్పుడైన మాత్రము పరుగెత్తి వచ్చును. ఇంటిలో ఒక్కొక్కరిది ఒక్కొక్క మాట. వాని తండ్రికిని మాటలు ఆలస్యముగానే వచ్చినవని తాతగారు. తల్లి ఫోను చేతికిచ్చి పాడుచేసినదని అత్తగారు. పూర్వజన్మ కర్మమని ఇరుగుపొరుగు. నా మేనకోడలు అందరి మాటలు విని నన్నడిగినది: "మామయ్యా, నా తప్పేనా?"

కాదని చెప్పితిని. ధైర్యమునకు చెప్పిన మాట కాదది. 1943లో లియో కానర్ అను వైద్యుడు ఆటిజమును తొలిసారి వివరించిన తరువాత కొన్ని దశాబ్దములపాటు పెద్ద పెద్ద పండితులే తల్లి ప్రేమలేమి దీనికి కారణమని వ్రాసిరి. ఆ మాట అబద్ధమని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఈలోపల ఎందరు తల్లులు ఆ నిందను మోసిరో! ఇక కర్మ మందురా? మన యిండ్లలో బిడ్డకు మాట రాకముందే, నడక రాకముందే లింగధారణ చేయుదుము. ఈ బిడ్డ రేపు మాటలాడునా, పరీక్షలలో నెగ్గునా అని అప్పుడెవ్వరును అడుగరు. మూడేండ్లు గడచినంతమాత్రమున ఆ బిడ్డ విలువను మాటలతో కొలుచుటకు మనమెవరము?

అయినను, విలువ తగ్గలేదు గదా యని ఊరకుండుటయు ధర్మము కాదు. ఏడాది నిండిన బిడ్డ పేరు పిలిచిన తిరిగి చూడవలెను. ఏడాదిన్నర నాటికి కావలసిన వస్తువును వ్రేలితో చూపవలెను, కొన్ని మాటలైనను పలుకవలెను. రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకవలెను. ఇవి లేనిచో, వచ్చిన మాటలు పోయినచో, అయిదేండ్లు నిండువరకు ఆగుదమనుట సరికాదు. ఆగుటయు ఒక నిర్ణయమే. దాని ఫలితమును అనుభవించునది మాత్రము నిర్ణయించిన పెద్దలు కారు. మొట్టమొదట చెవి పరీక్ష చేయింపవలెను. వినబడని బిడ్డను పట్టుకొని మాట వినడనుట మన యిండ్లలో ఎంత సులభముగ జరుగునో చెప్పనక్కరలేదు.

మా బిడ్డకు వినికిడి బాగుగ నున్నది. వైద్యులు ఆటిజమని నిర్ణయించిరి. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, బిహేవియర్ థెరపీ అని మూడు మాటలు కాగితముపై వ్రాసియిచ్చిరి. అసలు ప్రశ్న అక్కడ మొదలయ్యెను: ఏది, ఎక్కడ, ఎవరిచేత?

హైదరాబాదులో ఒక కేంద్రమును గూర్చి అందరును గొప్పగా చెప్పిరి. జహీరాబాదు నుండి రాకపోకలు సాగవని, నా మేనకోడలు బిడ్డతో అక్కడనే గది అద్దెకు తీసికొనెను. వారమునకు ఆరు దినములు, దినమునకు నాలుగు గంటలు. రుసుము ఆమె భర్త జీతములో సగము మింగెను. వారానికి నలుబది గంటలైనచో ఫలితము ఇంకను బాగుండునని కేంద్రమువారు చెప్పిరట.

ఈ నలుబది గంటల లెక్క యెక్కడిదని నేను వెదకితిని. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున లోవాస్ అను ఆచార్యుడు ప్రకటించిన అధ్యయనము దీనికి మూలము. పందొమ్మిదిమంది పసిపిల్లలకు వారానికి నలుబది గంటల చొప్పున రెండేండ్లకు పైగా శిక్షణ యిచ్చిరి. వారిలో తొమ్మిదిమంది ఇతర పిల్లలతో సమానముగ చదువుకొనగలిగిరని ఆయన వ్రాసెను. లోకమంతట ఆశ కలిగించిన వ్రాత యది. కాని ఏ బిడ్డ ఏ వర్గమున చేరవలెనో చీటీ వేసి నిర్ణయించిన అధ్యయనము కాదది. మాట వినని బిడ్డను గట్టిగా గద్దించుట, తొడపై చరచుట కూడ ఆ శిక్షణలో భాగములే. ఆ దండనలను నేటి మంచి శిక్షకులు విడిచిరి. అయినను నలుబది అను అంకె మాత్రము సముద్రములు దాటి మన నగరములకు వచ్చి, ఏ బిడ్డకైనను అంతే అన్నట్లు స్థిరపడినది. ఆనాటి పద్ధతులలో పెరిగి పెద్దవారైన ఆటిజం గలవారు కొందరు, తాము నేర్చినది నటన యనియు, లోపలి భయము ఎవరికిని కనబడలేదనియు తరువాత వ్రాసికొనిరి. వారి సాక్ష్యమును త్రోసివేయుట నాకు చేతకాదు. గోడవైపు తిరిగి నిలిచిన బాలుడు నాకు కనబడుచున్నాడు.

మూడు నెలల తరువాత నేను ఆ కేంద్రమునకు పోతిని. తల్లులు వెలుపల బల్లపై కూర్చుండవలెను, లోపలికి రానీయరు. తలుపునకు అద్దము గలదుగాని దానిపై కాగితము అంటించియున్నది. లోపల ఏడుపు వినబడుచున్నది. "అలవాటైపోతుందన్నారు మామయ్యా" అని నా మేనకోడలు నేల చూచుచు చెప్పెను. గంట ముగిసినది, బిడ్డ వచ్చెను. శిక్షకురాలు సైగ చేయగా చేతులు జోడించి నా వైపు "నమస్తే" అనెను. నాకు కన్నీరు వచ్చినది. తాతగారికి ఫోనులో చూపించితిమి. అందరును పండుగ చేసికొనిరి.

ఆ రాత్రి వారి గదిలోనే ఉంటిని. బిడ్డ మంచినీళ్ల బిందె దగ్గర నిలుచుండి ఏడ్చుచున్నాడు. తల్లి అన్నము కలుపుచుండుటచే ఆలస్యమైనది. వాడు తన చేతిని తానే కొరుకుకొనెను. చేతిపై పాత పండ్లగాట్లు ఉన్నవి. అప్పుడు నాకు తోచినది: మూడు నెలలలో వీనికి మనము నేర్పినది నమస్తే. అది మనకు కావలసిన మాట, వానికి కావలసినది కాదు. వానికి కావలసినవి రెండే మాటలు: నీళ్లు, వద్దు. అవి నేర్పలేదు. వద్దు అను మాటయైతే నేర్పకపోవుటయే గాక, వాడు ఏడుపుతో చెప్పుచున్న ఆ మాటను దినమునకు నాలుగు గంటలు వినకుండుటను మనము వానికి అలవాటు చేయుచున్నాము.

భాషాపండితునిగా ఒక మాట చెప్పుకొందును. శిక్ష యనగా సంస్కృతమున విద్య. తెలుగున అది దండనమైనది. ఒకే మాట రెండు భాషలలో ఇట్లు విడిపోవుట యాదృచ్ఛికమో, మన బడుల చరిత్రయో నేను నిర్ణయింపలేను. కాని పసిబిడ్డను ఎవరిచేతనైనను పెట్టునప్పుడు, అక్కడ జరుగునది ఏ అర్థమున శిక్ష అని అడుగవలసిన బాధ్యత మాత్రము తల్లిదండ్రులది.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. పసివాడు వద్దన్నదెల్ల మానినచో ఏ బిడ్డయైనను అక్షరములు నేర్చునా? మందు త్రాగునా? నిజమే. బిడ్డ బొంబాయి రహదారి మీదికి పరుగెత్తినచో వాని యిష్టమును అడుగుచు నిలువరాదు. చేయి కొరుకుకొనుట మాన్పింపవలసినదే. కాని చేతులు ఆడించుట, చక్రము త్రిప్పుట, ఒకే పాటను నూరుమారులు వినుట ఎవరికి హాని? బంధువుల యెదుట మనకు సిగ్గు, అంతియే. బిడ్డ బాధను తగ్గించు శిక్షణ వేరు, మన సిగ్గును తగ్గించు శిక్షణ వేరు. రెండవదానికి బిడ్డచేత వెల చెల్లింపించుట అధర్మమని నా నిశ్చయము.

కావున ఏ కేంద్రమునకు పోయినను తల్లి లోపల కూర్చుండవచ్చునా యని మొదట అడుగుడు. కూడదన్నచో లేచి వచ్చుటయే మేలు. బిడ్డ ఏడ్చినప్పుడు ఏమి చేయుదురని అడుగుడు. రాబోవు మూడు నెలలలో ఏమి నేర్పదలచిరో, అది బిడ్డకు ఇంటిలో ఏ విధముగ ఉపయోగపడునో వ్రాసి యిమ్మనుడు. శిక్షకునికి భారతీయ పునరావాస మండలి నమోదు సంఖ్య కలదేమో అడుగుటకు మొగమాటపడకుడు. 1992 నాటి చట్టము ఆ నమోదును ఏర్పరచినది ఇందుకొరకే. పూర్తిగా నయము చేయుదుమని హామీ యిచ్చువానిని మాత్రము నమ్మకుడు. ఆటిజమునకు స్టెమ్ సెల్ చికిత్స తగదని జాతీయ వైద్య మండలి 2022లోనే సిఫారసు చేసినది. అయినను దానికై పొలములమ్మినవారిని నేనెరుగుదును.

సొమ్ము మాట వచ్చినది గనుక దాచక చెప్పుదును. నా మేనకోడలికి ఎనిమిదేండ్ల కూతురు కలదు. తల్లి నగరమున ఉండుటచే ఆ పిల్ల నాయనమ్మ వద్దనే యుండెను. "తమ్ముడికి బాగయ్యాక అమ్మ వస్తుందా?" అని ఆమె నన్నడిగినది. ఒక బిడ్డ కొరకు సర్వస్వము ధారపోయుట త్యాగమని మనము కొనియాడుదుము. ఆ సర్వస్వములో రెండవ బిడ్డ బాల్యముకూడ చేరియున్నచో, అది ఎవరి త్యాగము? ఆ పిల్లను అడిగి ఇచ్చితిమా?

ఇంటికి తిరిగి రమ్మని నేనే చెప్పితిని. చెప్పిన తరువాత చాల దినములు నిద్రపట్టలేదు. బిడ్డకు దక్కవలసిన మేలును నేను చెరచితినేమో యని భయము. 2016లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము నాకు కొంత ధైర్యమిచ్చినది. గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను అరువదియైదు మంది ఆటిజం పిల్లలపై జరిగినది. పిల్లలకు నేరుగా శిక్షణ యియ్యలేదు. సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదునిచ్చి, వారిచే తల్లిదండ్రులకు నేర్పించిరి: బిడ్డ దేనిని చూచుచున్నాడో దానిని మీరును చూడుడు, బిడ్డ ఆగినప్పుడు మీరు ఆగుడు, చిన్న మాటలు పలుకుడు. ఆరు నెలలలో పన్నెండు పాఠములు. పిల్లలు తమంతట తాము తల్లిదండ్రులను పలుకరించుట హెచ్చినది. అన్నియు మెరుగుపడలేదు, ఇద్దరును కలిసి ఒక వస్తువుపై దృష్టి నిలుపు సమయము కొంత తగ్గినదనియు ఆ పరిశోధకులే వ్రాసిరి. అట్లు వ్రాసినందుననే వారిపై నాకు నమ్మకము కలిగినది.

మన జిల్లాలలో 2013 నుండి అమలగుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద సత్వర సేవా కేంద్రములు ఏర్పడినవి. అచ్చట రుసుము లేదు. సికిందరాబాదు మనోవికాస నగరులో 1984లో స్థాపితమైన జాతీయ సంస్థ కలదు. నిరామయ బీమా క్రింద ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులకు కూడ, సహాయము దొరకును. దానిని ఏటేట పునరుద్ధరింప మరువరాదు. వరుస పెద్దదే, రద్దీ పెద్దదే. దానిని దాచి చెప్పను. వారానికి ఒక గంట దొరికిన అదృష్టమే. కాని ఆ గంటలో తల్లి నేర్చినది మిగిలిన వారమంతయు ఇంటిలో జరుగును.

మా జిల్లా కేంద్రములోని శిక్షకురాలు నా మేనకోడలిని మొదట అడిగిన ప్రశ్న ఇది: "రోజు మొత్తంలో మీకు ఎక్కువ కష్టమయ్యే సమయం ఏదమ్మా?" స్నానమని చెప్పినది. తలపై నీరు పడిన బిడ్డ కేకలు వేయును, దినదినము యుద్ధమే. ఆ శిక్షకురాలు చెంబు బొమ్మ యొకటి గీసి యిచ్చి, స్నానమునకు ముందు దానిని చూపుమని, చెంబును బిడ్డ చేతికే యిమ్మని, తలపై పోయబోవునప్పుడు ఆగి వాని వైపు చూడుమని, వాడు చేయి అడ్డుపెట్టినచో ఆ దినమున తల తడుపవద్దని చెప్పెను. అత్తగారు నవ్విరి. ఈ మాత్రమునకు అంత దూరము పోవలెనా యనిరి. అయినను, నాలుగవ వారము నుండి చెంబు పట్టుకొని కూర్చున్నది ఆమెయే.

ఏడు వారములకు, ఒక సోమవారము ఉదయము, నాయనమ్మ చెంబు ఎత్తగా బిడ్డ ఆమె మణికట్టు పట్టుకొని ముఖము వంక చూచి "వద్దు" అనెను. స్పష్టముగనే అనెను. ఆమె చెంబు దింపివేసి, కోడలిని పిలిచి, ఏడ్చుచు చెప్పినదట. తాతగారు మాత్రము, మొదటి మాటగా నాయనమ్మనే వద్దన్నాడని ఇప్పటికిని కొంచెము నొచ్చుకొనుచున్నారు.