ఇసుకపై నిలిచిన శివాలయము



పాలంపేట రామప్పగుడిని క్రీ.శ. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించెను. అందలి నల్లరాతి మదనికలను చూచి మనము ముగ్ధులమగుదుము. కాని శిల్పుల అసలు నేర్పు నేలలో దాగియున్నది. వారు పునాదిగుంటను ఇసుకతో నింపి, దానిపై రాళ్ళను నిలిపిరి. విమానమునకు నీటిపై తేలునంతటి తేలికయిటుకలను వాడిరి. భూమి కంపించినపుడు ఆ అదురును ఇసుక తనలో ఇముడ్చుకొనును. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వముగ గుర్తించినది.

మన కోనసీమయు గోదావరి మోసితెచ్చిన ఇసుక, ఒండ్రులపైననే నిలిచియున్నది. ఆ ఇసుకను ఏటిగర్భమునుండి అంతులేక త్రవ్వినచో లంకగట్లు కోసుకొనిపోవును, ఉప్పునీరు పైకెగబ్రాకును. బసవేశ్వరులు బోధించిన కాయకము చేతిపనినే పూజగ నెంచును. నిలువనిచ్చిన నేలను గాయపరచు పని పూజ యెట్లగును? నేల స్వభావమెరిగి, అవసరమైనంతయే గైకొనుటయే నిజమైన శిల్పము, శివార్చనము.