కళ్లు మూసుకుంటే తూలే కాళ్లు

ముప్పై ఏళ్లు కూచిపూడి నేర్పాను. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, తల మీద నీళ్ల చెంబుతో ఆడేటప్పుడు కాలు ఎక్కడుందో కిందికి చూసుకున్న గుర్తు లేదు. ఇప్పుడు షుగరు పాదాల నరాల్ని తినేసింది. గుడిలో కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటే ఒళ్లు తూలుతోంది. పొద్దున్నే సబ్బు మొహంతో వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడుతున్నాను.

ఏ అవయవం ఎక్కడుందో కండరాలు, కీళ్లు క్షణక్షణం మెదడుకు కబురు పంపుతాయి. మన పంచేంద్రియాల లెక్కలో దీనికి చోటే లేదు, పాపం. 1971లో ఇయాన్ వాటర్‌మన్ అనే 19 ఏళ్ల బ్రిటిష్ కుర్రాడికి జ్వరం తర్వాత మెడ కింద ఈ ఎరుక మొత్తం పోయింది. కండరాల్లో బలం ఉంది, నిలబడలేడు. కళ్లతో చూసుకుంటూ ఒక్కో కదలికా మళ్లీ నేర్చుకున్నాడు. లైటు ఆరితే కూలబడేవాడు.

‘ఈ దేహం నేను కాదు’ అంటే ప్రవచనాల్లో ఎన్నిసార్లు తలూపానో! గీత పదమూడో అధ్యాయం శరీరాన్ని క్షేత్రం, అంటే పొలం, అంటుంది, దాన్ని ఎరిగినవాణ్ణి క్షేత్రజ్ఞుడంటుంది. మరి నా పాదం నాకే తెలియకపోతే క్షేత్రజ్ఞుడు తగ్గాడా, పొలం గట్టు జరిగిందా? వాటర్‌మన్‌లో ‘నేను’ చెక్కుచెదరలేదు, నిజమే. కానీ నిలబడటానికే ఆ ‘నేను’ రోజంతా కాపలా కాయాల్సి వచ్చింది. దేహాన్ని చులకన చేసే ప్రవచనం నాకిక ఎక్కదు.

దణ్ణం మానలేదు. మండపం స్తంభానికి వీపు ఆనించి, కళ్లు తెరిచే పెట్టుకుంటున్నాను.